కోబ్రా మలుపులో ఉలవల కల్లం

మా నల్లబండపల్లెలో కార్ల పందేల రోడ్డు ఒకటి ఉంది. దాన్ని సర్క్యూట్ అనాలట. రోడ్డంటే కంపెనీవాళ్ళకు రోషం. ఎర్రగుంట్ల నుంచి మా ఊరికొచ్చే మామూలు రోడ్డు గుంతలు పడి మనుషుల నడుములు విరగ్గొడుతూ ఉంటుంది. ఎక్కడికీ పోని ఈ రోడ్డు మీద మాత్రం అన్నం పెట్టుకుని తినొచ్చు, అంత నున్నగా ఉంటుంది. బయలుదేరిన చోటికే తిరిగి రావడానికి మూడున్నర కిలోమీటర్లు, పదకొండు మలుపులు. ఇంతకంటే బుద్ధిలేని రోడ్డును నేను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చూడలేదు. అయినా దాని చరిత్ర చెప్పక తప్పడం లేదు. ఎందుకంటే గేటు దగ్గర రంగుల బోర్డు మీద రాసిపెట్టిన చరిత్రంతా బొంకు. అందులో జులేఖా బీ పేరే లేదు.

నేను ఎర్రగుంట్లలో రైల్వే గేటు పక్కన కుట్టుమిషను పెట్టుకున్న కేశవను. సొంతూరు నల్లబండపల్లే. మా వంశంలో ఎవరికీ సెంటు భూమి లేదు. కంపెనీ వచ్చినప్పుడు అమ్ముకోడానికి నా దగ్గర ఏమీ లేకపోబట్టి, అమ్ముకున్నవాళ్ళను ఎగతాళి చేసే హక్కు ఊళ్ళో నా ఒక్కడికే మిగిలింది. దాన్ని నేను బాగానే వాడుకుంటున్నాను.

కొన్నేళ్ళ కిందట బెంగళూరు నుంచి శ్రీకాంత్ అనే మేనేజరు దిగాడు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఇంత పొడుగు పటం పరిచి, రోడ్డు పైనుంచి చూస్తే పరిగెత్తే లేడి మాదిరి ఉంటుందన్నాడు. మా ఊరిని పైనుంచి చూసేవి గద్దలు తప్ప ఇంకేవీ లేవు. అయినా అందరూ నోళ్ళు తెరిచి విన్నారు. మాజీ సర్పంచి పెద్ద ఈరన్న మీసం దువ్వుకుంటూ, లేడికి కొమ్ములుంటాయా అని అడిగాడు. ఉండవని శ్రీకాంత్ చెబితే, అయితే జింకను చెయ్యమన్నాడు. ఊరి తరఫున కంపెనీని అడిగిన ప్రశ్న అదొక్కటే. నీళ్ళ సంగతి, దారుల సంగతి, పనుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. భూమి చేతికి రాకముందే మలుపులకు పేర్లు కూడా పెట్టేసుకున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ మలుపులన్నీ విదేశీ ఇంజనీర్లు డ్రైవర్ల నేర్పును పరీక్షించడానికి లెక్కకట్టి గీసినవని బోర్డు చెబుతుంది. నేను చెప్పేది వినండి. మొదటి మలుపు దగ్గర పాత నాపరాతి గని ఉంది. రెండుసార్లు మట్టి పోసి పూడ్చారు, రెండుసార్లూ కుంగింది. విసుగుపుట్టి రోడ్డును పక్కకు తిప్పారు. దాన్నిప్పుడు తొలి పరీక్ష అంటారు. మూడో మలుపు దగ్గర సుంకులమ్మ రాయి ఉంది. అమ్మవారిని కుడిచేతి వైపు పెట్టుకుని తిరగాలి, ఎడమపక్క తిరిగితే ఊరికి అరిష్టం అని పెద్దలు పట్టుబట్టారు. అందుకని కార్లన్నీ కుడివైపుకే తిరుగుతాయి. ఎటు తిరిగినా ఒకటే అని ఇంజనీరు ఒప్పుకున్నాడట. ఆ ముక్క మాత్రం నిజం, ఎటు తిరిగినా ఒకటే. పొడుగాటి తిన్నని దారి పెద్ద ఈరన్న అమ్మిన చేలమీదుగా పోతుంది, జనం కూర్చునే స్టాండు కూడా ఆయన చేలోనే. కార్లకు చక్రాలు మార్చే చోటు మా ఊరి ఉమ్మడి కల్లం. తాతల నాడు నాపబండలు పరిచి, ఊరంతా పంట నూర్చుకున్న కల్లం అది. ఇంక పంటే లేనప్పుడు కల్లమెందుకని పెద్ద ఈరన్న తీర్మానం చేయించి కంపెనీకి అప్పగించాడు. ఒక్కరూ కాదనలేదు. కాదనాల్సినవాళ్ళంతా అప్పటికే చేలు అమ్ముకుని, కొత్త మోటారు సైకిళ్ళ మీద వేంపల్లె దాకా పోయి టీ తాగి వస్తున్నారు.

ఇక ఆరో మలుపు మొదలు ఎనిమిదో మలుపు దాకా ఉన్న వంకరలు. పటంలో అక్కడ వంకర లేదు, ఒకటే తిన్నని గీత. రోడ్డు అక్కడిదాకా దర్జాగా వచ్చి, ఒక రెండెకరాల చేను ముందు బెదిరి, దాని చుట్టూ మెలికలు తిరిగి తప్పించుకుని పోయింది. ఆ చేను జులేఖా బీది. కంపెనీ దానికి కోబ్రా మలుపు అని పేరు పెట్టింది. అక్కడ నాగుపామును ఎవరూ చూడలేదు. కొడవలి పట్టుకున్న ఒక ముసలామె మాత్రం ఉండేది.

జులేఖా బీ దూదేకుల ఇంటి మనిషి. ఊరంతా జులేకమ్మ అంటుంది. పెనిమిటి రబ్బానీ సిమెంటు ఫ్యాక్టరీ లారీకి క్లీనరుగా పోయి, దుమ్ముకు దగ్గి దగ్గి పోయాడు. పిల్లలు లేరు. ఆమె గొప్పదనం చెబుతానేమో అనుకోకండి, మంచిదని పేరు తెచ్చుకునే మనిషి కాదు. ఆమె పెరట్లో మిరపకాయ ఇంకొకరి కూరలో పడి ఎరగదు. ఆమె గట్టున మేక మేస్తే మేకను, మేకను కాసేవాణ్ణి, వాణ్ణి కన్నవాళ్ళను కలిపి తిట్టేది. అవి తిట్లు కావు, ఒక్కొక్కటి వారం రోజులు మోసుకు తిరగాల్సిన మూటలు. నన్నూ తిట్టింది, రవికె చంక దగ్గర పట్టిందని.

ఆమె చేను ఎందుకు అమ్మలేదంటే, ఊళ్ళో రకరకాలుగా చెబుతారు. నేనడిగినప్పుడు ఒకే మాట చెప్పింది. "నాకు కూసోని తినేది చాతగాదప్పా. నేర్చుకునే వయసు గూడా దాటిపాయె." అంతే. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిది కంపెనీకన్నా బలమైనదని మేం చూశాం.

కంపెనీ ఆమెను వెళ్ళగొట్టలేక, చేనుకు దారి మాత్రం ఇచ్చింది. రోడ్డు కింద ఒక తూము. నడుము వంచి పోవాలి. మనిషి పోగలదు, మేక పోగలదు, ట్రాక్టరు పోలేదు, నూర్పిడి మిషను అసలే పోలేదు. ఇచ్చిన దారి ఎట్లుందని శ్రీకాంత్ నవ్వుతూ అడిగితే, మీ నాయన్ను ఒకసారి ఇందులోంచి నడిపించి చూడు అంది.

ఆ చేను తెచ్చిపెడితే స్టాండుకు పెద్ద ఈరన్న తండ్రి పేరు పెడతామని కంపెనీ ఆశ చూపింది. అప్పటినుంచి ఆ మనిషికి నిద్ర కరువైంది. తండ్రి బతికుండగా ఒక పూట అన్నం సరిగ్గా పెట్టనివాడికి, పోయినాక ఆయన పేరు ఆకాశమంత ఎత్తున రాయించాలని కోరిక పుట్టింది. ఆ ఏడు ఉలవ చేను కోతకు వచ్చినప్పుడు చావిడి దగ్గర పదిమందిలో జులేఖా బీని నిలేశాడు. కల్లం లేదు, మిషను రాదు, ఫ్యాక్టరీ రోడ్డు లేదు, యాడ నూరుస్తావు, పంట చేలోనే కుళ్ళిపోతుంది, ఇంకేం చూసుకుని నీకీ పొగరు అన్నాడు.

ఫ్యాక్టరీ రోడ్డు సంగతి ఆయన ఊరికే ఎత్తలేదు. కల్లం పోయినాక మా ఊళ్ళో పంట మిగిలినవాళ్ళు ఫ్యాక్టరీ రోడ్డు మీద నూర్చుకునేవాళ్ళు. ఉలవ గానీ కంది గానీ కొర్ర గానీ గింజతో ఎండిన మొక్కల కట్టెను తారు మీద మందంగా పరిస్తే, పోయే లారీ, వచ్చే బస్సు దానిమీద ఎక్కి తొక్కుతాయి. పొద్దుగూకేలోపు గింజలు రాలిపోతాయి. కొత్తగా వచ్చే డ్రైవర్లు తిడతారు, పాతవాళ్ళు అలవాటుగా ఎక్కించి పోతారు. మా సీమలో రోడ్డుకు అదొక పని. జులేఖా బీ దాంట్లో ఆరితేరింది. లారీ నెమ్మదిగా పోతే దీవించేది, ఉరికితే గింజ ఎగిరిపోతుందని శాపం పెట్టేది. ఆ ఏడు ఫ్యాక్టరీవాళ్ళు రోడ్డు నడుమ గోడ కట్టి, కాపలా పెట్టి, గడ్డిపరక వెయ్యనివ్వలేదు.

అవన్నీ తెలిసే పెద్ద ఈరన్న అడిగాడు. ఆమె వెనక్కి తగ్గే రకం కాదు గదా. "ఈ పంట నా ఇంటికి రాకపోతే నేనే నీ గడపకొచ్చి ఏలిముద్ర ఏస్తా మామా. వచ్చిందంటే ఇంక ఆ చేను మాట నువ్వెత్తగూడదు," అంది. పదిమందీ విన్నారు. మా ఊళ్ళో భూములు అమ్మిన కాగితాలకు విలువ ఉందో లేదో గానీ, చావిడి దగ్గర అన్న మాటకు ఉంది. నోరు జారిందని ఆమెకూ తెలుసు. ఇంటికి పోయి రెండు రోజులు ఎవరినీ తిట్టలేదు.

ఉలవ పీకి, చేలో వామి వేసింది. అది ఎండి గలగలలాడే వేళకు కాలంగాని కాలంలో మబ్బు పట్టింది. తడిస్తే గింజ కట్టెమీదే మొలకెత్తిపోతుంది. కర్ర పట్టి కొడదామంటే ఆమె ఒక్కతే. కూలికి పిలుద్దామంటే ఊరంతా కంపెనీ ఇచ్చిన ఆరంజి చొక్కా తొడుక్కుని ఉంది. ఎందుకంటే సర్క్యూట్లో మొట్టమొదటి పెద్ద పందెం ఆ వారమే. నిన్నటిదాకా చేల యజమానులైనవాళ్ళు ఆ చేలలోనే కార్లు నిలబెట్టించడానికి, నీళ్ళ సీసాలు అందించడానికి, ఈల ఊదడానికి కుదిరారు. కోబ్రా మలుపు దగ్గర జెండా ఊపే పని హనుమేష్‌కు ఇచ్చారు. అతను అంతకుముందు ట్రాక్టరు తోలేవాడు, జులేఖా బీ ఇంటి పక్క మనిషి. జెండాలు కుట్టినవాణ్ణి నేనే. నలుపు తెలుపు గళ్ళది, ఎర్రది, పసుపుది. గళ్ళ జెండా చూస్తే నాకు పాత లుంగీ గుర్తొచ్చింది గానీ, కుట్టమన్నారు, కుట్టాను.

పందేనికి ముందు రోజు పొద్దున కార్లను ఊరికే తిప్పి చూస్తారట. హనుమేష్ ఫోన్ చేసి పసుపు జెండా కర్ర నుంచి ఊడిపోయిందన్నాడు. సూది దారం పట్టుకుని పోయి, అతని పక్కన కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. ఏదైనా అడ్డం పడితే ఆ జెండా ఊపి వెనకొచ్చే కార్లకు నెమ్మదిగా రమ్మని చెప్పాలట. ఒక విడత కార్లు తిరిగి వెళ్ళిపోయాయి. రోడ్డు వెచ్చగా, ఖాళీగా ఉంది. పడమట మబ్బు దిగుతోంది.

జులేఖా బీ తన చేలోంచి ఇనప కంచె దగ్గరికి వచ్చింది. మళ్ళా ఎప్పుడొస్తాయప్పా అని అడిగింది. అర్ధగంటకు అన్నాడు హనుమేష్. ఎన్ని సుట్లు అని అడిగింది. పది అన్నాడు. ఆమె కొంగు నడుముకు దోపింది. వామి దగ్గరికి పోయి, మోయగలిగినంత ఉలవ కట్టె ఎత్తుకుని, హనుమేష్ నిలబడే చోటున్న కంచె సందులోంచి వచ్చి రోడ్డు మీద పడేసింది. మళ్ళా పోయి ఇంకో మోపు తెచ్చింది.

ఇప్పుడు హనుమేష్ ఏం చెయ్యాలి? ఈల ఊదాలి. అందుకే కదా మెడలో తగిలించింది. అతను లేచి, రోడ్డును ఒకసారి, కట్టెను ఒకసారి చూసి, "అంత మందం ఏయాకు పిన్నమ్మా, చక్రాలకు సుట్టుకుంటాది," అని చెప్పి, ఆమె చేతిలోని పంగలకర్ర తీసుకుని తానే పరిచాడు. రోడ్డు మీద ఎవరైనా పంట పరుస్తుంటే చెయ్యి వెయ్యకుండా పోవడం మా వైపు తెలియదు. నేను జెండా ఒళ్ళో పెట్టుకుని, అంచుకు ఇంకా ఎండ తగిలే చోట వెయ్యండి అని సలహా కూడా ఇచ్చాను. అది పందెం రోడ్డని ముగ్గురిలో ఒక్కరికైనా తోచిందా అంటే తోచలేదు. రోడ్డుంది, ఎండిన పంటుంది, బండ్లు వస్తున్నాయి. ఇంకేం తోచాలి?

వచ్చాయి. ముందున్న ఎర్ర కారు ఉలవ కట్టె మీద ఎక్కీ ఎక్కగానే జారి, రెండు గిరికీలు కొట్టి, పక్కన పేర్చిన పాత టైర్ల కుప్పలో కూర్చుంది. అందులోంచి ఒక మనిషి హెల్మెట్టు బుడ్డ తలకాయతో దిగి నిలబడ్డాడు. దెబ్బలేవీ లేవు. జులేఖా బీ అతని మీదికి పోయింది. నిదానం లేదా, మంచి గింజంతా ఎగరగొట్టినావు అని కసిరింది. అతను ఏ భాషవాడో, ఆ తలకాయను అటూ ఇటూ ఊపాడు.

అప్పుడు జరిగిందే వింత. ఒక కారు పడిపోతే మిగతావాటిని ఆపరట. ఒక జీపు ముందు నడుస్తుంది, కార్లన్నీ దాని వెనక వరసకట్టి, మెల్లగా, ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరగాలట, పడ్డ కారును తీసేదాకా. అంటే కల్లం నడుమ మేటి గుంజకు కట్టిన ఎద్దులెట్లా తిరుగుతాయో సరిగ్గా అట్లా. జీపు, దాని వెనక ఎనిమిది కార్లు, చుట్టూ తిరిగొచ్చి కోబ్రా మలుపులో ఉలవలు తొక్కడం, మళ్ళా పోవడం, మళ్ళా రావడం. మధ్యలో ఖాళీ దొరికినప్పుడల్లా జులేఖా బీ, హనుమేష్ కట్టెను కింది పొర పైకి తిరగేస్తున్నారు. ఇన్నేళ్ళకు ఆ రోడ్డు ఒక పనికొచ్చింది. ఇప్పుడు సక్కంగా పోతాండారు అని ఆమె కార్లను మెచ్చుకుంది కూడా.

హనుమేష్ నడుముకున్న వైర్‌లెస్‌లో శ్రీకాంత్ గొంతు, రోడ్డు మీద ఏముందని అరిచింది. ఉలవలు సార్ అన్నాడు. ఏముందో మళ్ళీ చెప్పమంది గొంతు.

"ఉలవలు సార్. ఏం ఫరవాలేదు, బాగా రాల్తాండాయి."

శ్రీకాంత్ వచ్చేసరికి పడ్డ కారును లాగేశారు, మిగతా కార్లు దూరంగా ఆగిపోయాయి, జులేఖా బీ కట్టెను పక్కకు లాగి, గింజను ఊడ్చి, రోడ్డు అంచున కుప్ప చేసి, వానకు ముందొచ్చే గాలికి చేటతో తూర్పారబడుతోంది. శ్రీకాంత్ వెనక తెల్లబట్టల అతిథులు ఫోన్లు ఎత్తిపట్టుకుని వచ్చారు. ఆరంజి చొక్కాల ఊరంతా వచ్చింది. పెద్ద ఈరన్న అందరికంటే ముందొచ్చాడు. శ్రీకాంత్ కేసు పెడతానన్నాడు, పోలీసులన్నాడు, ఇంగ్లీషులో ఇంకా ఏమేమో అన్నాడు. ఆ అరుపుల్లో దమ్ము లేదు. కావలసిన దమ్ము పెద్ద ఈరన్న అందించాడు. రోడ్డు కంపెనీది, రోడ్డు మీద రాలిన గింజ కూడా కంపెనీదే, సాక్ష్యం కింద మొత్తం పట్టేసుకుని స్టేషనుకు పంపండి అన్నాడు. అని, జులేఖా బీ వైపు తిరిగి నవ్వాడు. గింజ స్టేషనుకు పోతే ఇంటికి రానట్టే. చావిడి దగ్గర ఆమె అన్న మాట ఆమె మెడకే చుట్టుకుంటుంది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. అయినా జెండా అంచు కుడుతున్నట్టు తల వంచుకున్నాను, మిగతావాళ్ళు చొక్కాలు సర్దుకున్నారు.

గింజను సంచుల్లోకి ఎత్తమని శ్రీకాంత్ ఆరంజి చొక్కాలకు చెప్పాడు. ఒక్కరూ కదల్లేదు. కుప్ప ఇంకా కొలవలేదు. కొలవని కుప్ప మీద చెయ్యి వెయ్యడం మా దగ్గర లేదు. ఆ మాత్రం భయం మిగిలింది జనాల్లో.

జులేఖా బీ చేట కింద పెట్టింది. కుప్పకు దండం పెట్టుకుని, దోసిటి నిండా గింజ తీసుకుని లేచింది. కల్లం కాడికి వచ్చినవాళ్ళను వట్టి చేతులతో పంపకూడదు. అది మా వైపు తాతల కాలం నాటి కట్టు. ఇచ్చే రైతు లేదనకూడదు, పుచ్చుకునేవాళ్ళు వద్దనకూడదు. కల్లం గింజ వద్దన్న ఇంట మళ్ళీ గింజ పుట్టదని అంటారు. పుచ్చుకునేది మాత్రం భూమి లేనివాళ్ళే. మా నాయన ప్రతి కల్లం దగ్గరా పంచె చెరగు పట్టాడు. సొంత పంట ఉన్న రైతు ఇంకొకరి కల్లం దగ్గర ఒడి పట్టడు. పట్టాల్సి వస్తే ఆ పక్కకే పోడు.

ఆమె మొదట ఎర్ర కారు మనిషి దగ్గరికి పోయింది. అతను చంకలో పెట్టుకున్న ఆ బుడ్డ తలకాయలోనే పోసింది. అతను నవ్వి, తల వంచాడు. తర్వాత శ్రీకాంత్ ముందు నిలబడింది. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె అట్లాగే దోసిలి చాచి నిలబడింది, అతిథుల ఫోన్లన్నీ అటే తిరిగాయి. చివరికి అతనూ చేతులు పట్టాడు. చేతుల్లో ఉలవలు పెట్టుకుని ఆ కుప్పనే పట్టేసుకోమనడానికి అతనికి నోరు రాలేదు. నేను జెండా గుడ్డే పట్టాను. నాకు సిగ్గు లేదు, అది నా వంశపు హక్కు.

ఆ తర్వాత ఆరంజి చొక్కాలు. హనుమేష్ పట్టాడు. అతని వెనక అయ్యన్న పట్టాడు, పది పుట్లు పండించిన ఇంటివాడు. ఒకరి వెనక ఒకరు వచ్చి చొక్కా అంచులు ఒడి చేసి నిలబడ్డారు. మూడేళ్ళ కిందట వీళ్ళలో ప్రతివాడూ రైతు. ప్రతివాడి ఒడిలోనూ ఆమె పోసింది. ఒక్కణ్ణి తిట్టలేదు. తిడితే బాగుండునని నాకు అనిపించింది. వాళ్ళకూ అనిపించే ఉంటుంది.

చివరన పెద్ద ఈరన్న మిగిలాడు. పోదామంటే చుట్టూ జనం. జులేఖా బీ వచ్చి ఎదురుగా నిలబడింది.

"పట్టు మామా. కల్లం లేనోళ్ళకు లేదనగూడదు."

ఆయన ఊరి వైపు చూశాడు, శ్రీకాంత్ వైపు చూశాడు. మీసం మీదికి పోబోయిన చెయ్యి దిగిపోయింది. భుజం మీది తువ్వాల తీసి, రెండు చేతులతో చాచి పట్టాడు. తల ఎత్తలేదు. గొంతులోనే, గింజ సంచులకెత్తి ఆమె ఇంటికి చేర్చండ్రా, వాన వస్తాంది అన్నాడు. అయ్యన్న, హనుమేష్ ఎత్తుకున్నారు. తూములోంచి కాదు, పెద్ద గేటులోంచే తీసుకుపోయారు.

అందరికీ ఆమె ఒక దోసిలే పోసింది. పెద్ద ఈరన్న తువ్వాలలో మాత్రం, చాలు అని ఆయన అనేదాకా పోస్తూనే ఉంది. అంతకంటే పెద్ద తిట్టు జులేఖా బీ నుంచి నేను వినలేదు.